సముద్రం మీద పట్టా ఎవరి పేరున?

సముద్రం మీద వీచే గాలికి కులం లేదు. కానీ ఆ గాలిని పట్టి కరెంటు చేసే లీజుకి, ఆ కరెంటు తీగ ఒడ్డెక్కే చోటికి, ఆ చోట పోయే బతుకుకి కులం ఉంది. సముద్ర గాలి విద్యుత్తు మీద ఇన్నాళ్ళూ జరిగిన చర్చ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. ఇంజనీర్లు మెగావాట్లు లెక్కేస్తున్నారు. పర్యావరణవాదులు బొగ్గుపులుసు వాయువు లెక్కేస్తున్నారు. మనుషుల లెక్క ఎవరి పుస్తకంలోనూ లేదు. ఆ లెక్క తియ్యడమే ఈ వ్యాసం పని.

యారాడ నుంచి ఎందుకు చూస్తున్నామో ముందు చెప్పుకోవాలి. యారాడ ఎదురుగా సముద్రంలో గాలిమరలేవీ లేవు. కేంద్రం మొదటి విడతకి ఎంచుకున్నది గుజరాత్, తమిళనాడు తీరాల్ని. అయినా ‘దేశావసరం’ అనే మాట ఒక తీరానికి ఏం చేస్తుందో చదువుకోవాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. డాల్ఫిన్స్ నోస్ కొండకి అవతల 1933 నాటి పోర్టు, 1941లో మొదలైన షిప్‌యార్డు, తూర్పు నౌకాదళం. ఇటు దక్షిణాన 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు ఫ్యాక్టరీ, 2009లో మొదలైన గంగవరం పోర్టు. ప్రతిదీ దేశం కోసమే వచ్చింది. ప్రతిదానికీ ఊళ్ళు కదిలాయి. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి, ఆర్ కార్డు చేతబట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే ముసలైపోయినోళ్ళు ఇక్కడ ఉన్నారు. గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారుల పోరాటం 2006లో పోలీసు కాల్పుల దాకా వెళ్ళింది. ఆ పోర్టు 2021లో అదానీల చేతికి పోయింది. తీరం ఇచ్చినోళ్ళని ఆ అమ్మకంలో ఎవరూ అడగలేదు.

అలాగని గాలి కరెంటు వద్దు అనడం మా వాదం కాదు. అంబేడ్కర్ 1942–46 మధ్య వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా విద్యుత్తు వ్యవహారాలు చూశారు. కరెంటు చవగ్గా, పుష్కలంగా ఉండాలన్నారు. పరిశ్రమ లేకపోతే భూమి లేని వాడికి ఊరి పెత్తనం నుంచి విముక్తి లేదన్నది ఆయన ఆలోచన. 1947 నాటి ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలన్నారు. కరెంటునీ యాజమాన్యాన్నీ ఆయన విడదీసి చూడలేదు. మనమూ విడదియ్యకూడదు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం 2,000 మెగావాట్లది. దాని బూడిద, పోర్టు బొగ్గు దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయో చూసినోళ్ళెవరూ బొగ్గే మేలని అనలేరు. నైరుతి రుతుపవనాల నెలల్లో ఎండ తగ్గినప్పుడు గాలి పెరుగుతుంది. సూర్యుడు లేని రాత్రి కూడా గాలి వీస్తుంది. ఈ లాభాలు నిజమైనవే.

అయితే లాభాన్ని కొలిచేటప్పుడు కూడా నిజం చెప్పాలి. డెన్మార్కులోని విండెబీలో 1991లో 11 గాలిమరలతో మొదలైన ఈ విద్య 2017లో స్కాట్లండ్ దగ్గర తేలే గాలిమరల దాకా వచ్చింది. మన దేశం 2015లో విధానం ప్రకటించింది. 2022కి 5,000 మెగావాట్లు అన్నారు. ఒక్క మెగావాటు కూడా రాలేదు. విశాఖ దగ్గర సముద్రం అడుగు అరుగు సన్నం, ఒడ్డు దాటిన కాసేపటికే లోతు పెరుగుతుంది. నేలలో పాతే గాలిమరలకి మామూలుగా 50, 60 మీటర్ల లోతు దాటితే ఖర్చు గిట్టదు. తేలేవి ఇంకా ఖరీదు. పైగా తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచింది. మామూలు గాలిమర గంటకి 90 కిలోమీటర్లు దాటితేనే తిరగడం ఆపేస్తుంది. అంతకు రెట్టింపు గాలికి నిలబడేలా కట్టాలి. నౌకాదళ కేంద్రం పక్కన రక్షణ శాఖ అనుమతి కూడా చిన్న గడప కాదు.

ఉద్యోగాల మాట. ‘ఉక్కు నగరం కదా, గాలిమరల ఉక్కు మనదే’ అని చెప్పడం తేలిక. విశాఖ ఉక్కు తయారు చేసేది కడ్డీలు, వైరు రాడ్లు, కోణాలు, దూలాలు. గాలిమర స్తంభానికీ పునాదికీ కావాల్సింది దళసరి ఉక్కు పలకలు. ఆ పలకల మిల్లు ఇక్కడ లేదు. ఇంకో సంగతి. ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో ఎస్సీ, ఎస్టీలకి రిజర్వేషన్ ఉంటుంది, ఉద్యోగం కోసం కోర్టుకైనా పోవచ్చు. ఆ ఫ్యాక్టరీని నూటికి నూరుపాళ్ళు అమ్మడానికి కేంద్రం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ప్రైవేటు గాలి కంపెనీలో రిజర్వేషన్ అడిగే చట్టమే లేదు. అంటే పాత తలుపు మూస్తూ, తాళంచెవి లేని కొత్త తలుపు చూపిస్తున్నారన్నమాట.

ఇక చట్టం. రాజ్యాంగం ప్రకారం చేపల వేట రాష్ట్ర జాబితాలో ఉంది. ప్రాదేశిక జలాలు, అంటే 12 నాటికల్ మైళ్ళు, దాటితే కేంద్ర జాబితా. 2023 డిసెంబరులో వచ్చిన లీజు నిబంధనల కింద గాలిమరలకి సముద్రాన్ని 35 ఏళ్ళ దాకా ఇవ్వొచ్చు. కంపెనీకి కాగితం ఉంటుంది. తాతల నాడు వల వేసిన చోటుకి జాలరికి కాగితం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో ఉన్నోళ్ళకి పట్టా ఇచ్చింది. సముద్రానికి అలాంటి చట్టం లేదు. 2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబాల్లో మత్స్యకారుల్నీ పడవల వాళ్ళనీ చేర్చింది. కానీ ఒక మెలిక ఉంది: భూమి సేకరించినందువల్ల బతుకు పోతేనే. సముద్రం భూమి కాదు కాబట్టి, అక్కడ పోయే బతుకు ఆ నిర్వచనంలోకి రాదు.

డబ్బు లెక్క చూస్తే ఇదే బయటపడుతుంది. 2024 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ 7,453 కోట్ల పథకం ఒప్పుకుంది. 1,000 మెగావాట్ల గాలిమరలకి 6,853 కోట్లు, రెండు పోర్టుల బాగుకి 600 కోట్లు. కూడితే లెక్క సరిపోయింది. మత్స్యకారుల పద్దు వెయ్యడానికి మిగిలింది సున్నా.

ఇదంతా వేరేగా చెయ్యలేరా? చెయ్యొచ్చు. అంతర్జాతీయ సముద్ర చట్టం ఇలాంటి కట్టడాల చుట్టూ 500 మీటర్ల దాకా రక్షణ వలయం పెట్టుకోనిస్తుంది. బ్రిటన్ గాలిమరల మధ్య వేటని మామూలుగా అనుమతిస్తుంది. బెల్జియం నిషేధించింది. యంత్రం ఒకటే, మారింది రాజకీయం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం. ఆ తర్వాత వర్షాలు, తుపాన్లు. పునాదులు దిగ్గొట్టడానికి సముద్రం నెమ్మదిగా ఉండే నెలలు కావాలి. పడవ దింపడానికి కావాల్సినవీ ఆ నెలలే.

ఇక్కడ మన వైపు వాళ్ళని కూడా విమర్శించాలి. ‘మత్స్యకార సమాజం’ అంటూ అందర్నీ ఒకే బుట్టలో వెయ్యడం ఉద్యమాల అలవాటు. 2022 జనవరిలో రింగు వలల మీద విశాఖ జాలరిపేటల మధ్య పడవలు తగలబడ్డాయి. వాడబలిజ, జాలరి కులాలు వెనుకబడిన తరగతులు. వాళ్ళలోనే పడవ ఉన్నోడు వేరు, కూలికి పడవెక్కే కళాసీ వేరు. తట్ట నెత్తిన పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్ళు వేరు. పరిహారం పడవల రిజిస్టరు చూసి ఇస్తే కళాసీకి, తట్టకి ఏమీ రాదు. ఒడ్డు వెనక మాలపేట, మాదిగపేటల పేర్లు ఆ రిజిస్టర్లో ఎక్కవు. తీగ వెళ్ళేది మాత్రం చాలా చోట్ల వాళ్ళ డి-పట్టా భూముల మీదుగానే ఉంటుందని భయపడడానికి అనుభవం కారణం. ‘ఉమ్మడి’ అనే మాట విన్నప్పుడల్లా దళితులు ఆగి ఆలోచిస్తారు. 1927లో మహాడ్ చెరువు ఉమ్మడిదే. 1985లో కారంచేడు చెరువూ ఉమ్మడిదే. ఉమ్మడిలో ఎవరి చెయ్యి ముందు, ఎవరి చెయ్యి నిషిద్ధం అన్నదే అసలు ప్రశ్న.

గాలిమర పచ్చనిది కాబట్టి దానివల్ల నష్టం ఉండదనుకోవడం కూడా అబద్ధం. అనంతపురంలో జనం పెంచుకున్న కల్పవల్లి అడవిలో గాలిమరల కోసం గుట్టలు తవ్వి రోడ్లు వేశారు. తగువు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. మత్స్యకార గ్రామమైన పూడిమడకలో 2025 జనవరి 8న గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి ప్రధాని శంకుస్థాపన చేశారు. పచ్చ రంగు తీరానికి చేరింది.

కాబట్టి మేము అడిగేవి ఇవి. లీజు వేలానికి ముందు వేట పటం తయారు కావాలి. ఏ నెలలో ఏ వల ఎక్కడ వేస్తారో మత్స్యకారులే గియ్యాలి. వేట హక్కుకి చట్టం రావాలి. పరిహారం రిజిస్టర్లో కళాసీలు, ఆడవాళ్ళు, ఒడ్డున కూలి చేసే దళితుల పేర్లు ఎక్కాలి. ప్రభుత్వ సొమ్ము తీసుకునే కంపెనీలో రిజర్వేషన్ లీజు షరతుగా ఉండాలి. కరెంటు మీద వచ్చే ఆదాయంలో తీర గ్రామానికి వాటా రాసివ్వాలి. ఇవన్నీ ఒప్పందం మీద సంతకం పడకముందే జరగాలి. గంగవరంలో పోర్టు కట్టాక అడిగినవి చాలా ఇంకా అర్జీల్లోనే ఉన్నాయి. యారాడ ఎదుట ఇంకా ఏదీ పాతలేదు. అడగాల్సిన సమయం ఇదే.