కల్పితలోకములు – కర్తృత్వవిచారము

అంతర్జాలమున ననేకు లేకకాలమునఁ బ్రవేశించి, 'అవతారము'లను పేర రూపములు దాల్చి సంచరించు కల్పితలోకములు నేఁడు పెక్కు గలవు. విద్యాలయమును రచించువారు వానివలన నేర్వఁదగిన దేమి? వాని యాకర్షణము చిత్రశోభవలనఁ గలిగినదని కొందఱందురు. కారకవ్యవస్థవలనఁ గలిగినదని నా పక్షము.

పాణినీయమున స్వతంత్రముగాఁ గ్రియను నడపువాఁడు కర్త. శిష్యుఁడు ధర్మము నెఱుఁగునపుడు వాఁడు కర్తయే. గురువు బోధించునపుడో, బోధార్థకధాతువు ణిజంతమగుటచే నా కర్తయే కర్మయగును: 'గురుః శిష్యం ధర్మం బోధయతి.' కృధాతువునకు మాత్ర మీ కర్మత్వము వైకల్పికము. 'శిష్యేణ కటం కారయతి' యనుచోఁ జాప నల్లువాఁడు కర్తగానే నిలుచును. అనఁగాఁ దెలియఁజెప్పఁబడువాఁడు కర్తృత్వమును గోల్పోవును. చేయింపఁబడువాఁడు దానిని నిలుపుకొనఁగలఁడు.

2003వ సంవత్సరమున అమెరికాలోని లిండెన్ ల్యాబ్ వారు వెలువరించిన 'సెకండ్ లైఫ్' నందుఁ బెక్కు విశ్వవిద్యాలయములు నేల సంపాదించి భవనములు గట్టినవి. 2006లో హార్వర్డు న్యాయవిద్యాలయ మచట నొక పాఠ్యక్రమమునే నడపెను. అయినఁ బలువురు గట్టినవి వరుసపీఠముల యుపన్యాసశాలలు. అలసట యెఱుఁగని యవతారమునకుఁ బీఠ మెందులకు? లోకము క్రొత్తది; అట్టి శాలయందు విద్యార్థి మాత్రము పూర్వమువలెఁ గర్మయే.

2011లో స్వీడనునందలి మోజాంగ్ వారు పూర్ణరూపమున వెలువరించిన 'మైన్‌క్రాఫ్ట్' రీతి వేఱు. అందు 'రెడ్‌స్టోన్' అను నెఱ్ఱని పొడిని బఱచి దూరమునందలి దీపమును వెలిఁగింపవచ్చును. ఆ పొడియందలి శక్తి గడి కొకటి చొప్పునఁ దఱుఁగుచు 15 గళ్లవఱకే పాఱును. అంతకు మించినచో నడుమ 'రిపీటర్' నుంపవలెను; లేకున్న దీపము వెలుఁగదు. తప్పని చెప్పుటకు గురువు రానక్కఱలేదు, లోకమే చెప్పును. బాలుఁడు సిగ్గుపడక మరలఁ గట్టును. 2016లో దీనికిఁ బాఠశాలల కొఱకుఁ బ్రత్యేకరూప మేర్పడుట యుచితమే.

ఇది క్రీడయే కాని విద్య కాదని యాక్షేపింపవచ్చును. ఏది కట్టఁదగినదో, ఏల కట్టవలెనో యా లోకము చెప్పదు, నిజమే. అది గురువు పని. ప్రేరకునకుఁ బాణిని హేతుసంజ్ఞయుఁ గర్తృసంజ్ఞయు రెండు నిచ్చెను; శిష్యుఁడు కర్తయైనంత గురువు కర్తృత్వము నశింపదు.

మన వ్యాకరణపాఠమునకు యంత్రము లేకయే యీ న్యాయము చెల్లును. రూపములు కంఠస్థము చేయుట మానవలదు. కాని 'రామః' అను సిద్ధరూపము నిచ్చి యూరకుండక, ప్రాతిపదికమును 'సు' ప్రత్యయమును నిచ్చి సాధింపుమనవలెను. ఉకారమున కిత్సంజ్ఞ మఱచినవానికి 'రామసు' అని మిగులును. వల్లించిన రూపముతోఁ బోల్చుకొని తన తప్పు తానే కనుఁగొనును. విద్యాలయమును గట్టఁదలఁచినవారు గోడలకు ముందే యచటఁ గర్త యెవఁడో నిర్ణయింపవలెను.