కుట్టు లోపలి బట్ట

ఆడపిల్లల బట్టల మాల్ చరిత్ర చెప్పమంటే ఎవరైనా అమీర్‌పేట నుంచో బెంగళూరు నుంచో మొదలుపెడతారు. నేను సూర్యాపేట పక్కన మా చివ్వెంలలో ఒక కుట్టుమిషన్ పక్కనున్న బుట్ట నుంచి మొదలుపెడతాను. ఒకప్పుడు ఆ బుట్ట నిండా డ్రెస్ బిట్లు, లైనింగ్ ముక్కలు, ఆది డ్రెస్సులు. ఇప్పుడు బతుకమ్మకు ముందు చూడండి, అన్నీ రెడీమేడ్ కుర్తీలే. ధర చీటీ కూడా తీయని కొత్తవి. "అక్కా, చంకల కాడ జర పట్టియ్యవా?" "లోపల చేతులు విడిగ ఇచ్చిండ్రు, ఏసియ్యవా?" పొద్దంతా ఇవే మాటలు. కుట్టే అక్క సరిచేసే అక్క అయింది.

అంతకు ముందు డ్రెస్సంటే పెద్ద తతంగం. సూర్యాపేటకు పోయి బిట్ తేవాలి. దానికి మ్యాచింగ్ లైనింగ్ వెతకాలి. ఆది ఇవ్వాలి. మెడ ఎట్లా కావాలో వేలితో గీసి చూపాలి. "ఎల్లుండి రా చెల్లె" అన్నాక ఆ ఎల్లుండి వచ్చేదాకా తిరగాలి. రంగు అమ్మ ఇష్టం, మెడ లోతు నాయనమ్మ ఇష్టం. వేసుకునే పిల్ల ఇష్టానికి మిగిలింది చున్నీ ఒక్కటే.

ఈ పద్ధతిని మార్చిన దుకాణాలు రెండు దారుల్లో వచ్చాయి. మొదటిది ముంబై దారి. 1952లో పుట్టిన లాక్మే అలంకరణ సామగ్రి కంపెనీలో తమ వాటాను టాటాలు 1998లో హిందుస్థాన్ లీవర్‌కు అమ్మేశారు. ఆ డబ్బుతో బట్టల వ్యాపారంలోకి దిగారు. లాక్మేను పెంచి పెద్దచేసిన సిమోన్ టాటాయే ఈ వ్యాపారానికీ నాయకత్వం వహించారు. లిటిల్‌వుడ్స్ అనే బ్రిటిష్ సంస్థకు బెంగళూరులో ఉన్న దుకాణాన్ని కొని వెస్ట్‌సైడ్ అని పేరు మార్చారు. నడిపే కంపెనీ పేరు ట్రెంట్. పదిమంది బ్రాండ్లు తెచ్చి అమ్మే బదులు సొంత పేరు మీద బట్టలు తయారు చేయించి అమ్మడం వాళ్ల కిటుకు. మధ్యలో వాటా తీసుకునేవాడు లేకపోతే ధర దిగుతుంది. ఆ కిటుకునే ఇంకా చవకగా 2016లో జూడియో పేరుతో తెచ్చారు. 2025 మార్చి నాటికి జూడియోలు 765 అయ్యాయి. ఆన్‌లైన్‌లో అమ్మరు. వస్తువులు దాదాపు అన్నీ వెయ్యి రూపాయల లోపే.

రెండోది మన అమీర్‌పేట దారి. 2005లో అక్కడ మొదలైన కళామందిర్ 2023 సెప్టెంబర్‌లో షేర్ మార్కెట్‌కు వచ్చేసరికి నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లో 54 దుకాణాలైంది. ఆదాయంలో సగానికి పైగా చీరలదే. అయినా చీర కట్టే తల్లితో పాటు కుర్తీ వేసే కూతురూ వస్తుందని వాళ్లకు తెలుసు. అందుకే తక్కువ ధరల కేఎల్ఎం ఫ్యాషన్ మాల్‌ను వేరే పేరుతో పెట్టారు.

ఇక ధర చీటీల మీద కనిపించే 999 సంగతి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వెయ్యి రూపాయల దాకా బట్టలకు 5 శాతం పన్ను, అది దాటితే 12 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గీత 2,500కు జరిగింది, అది దాటితే 18 శాతం. ఇన్నేళ్లూ వెయ్యి లోపు ఉండడం దుకాణానికీ లాభమే, ఇంట్లో డబ్బు అడిగే పిల్లకూ లాభమే.

మాల్ ఇచ్చింది చవక ఒక్కటే అనుకుంటే పొరపాటు. పాత దుకాణంలో గుమాస్తా ముప్పై బిట్లు విప్పి పరిచాక ఏదీ కొనకుండా లేవాలంటే ప్రాణం చచ్చేది. మాల్‌లో ధర చీటీ మీదే ఉంటుంది, బేరం లేదు. ట్రయల్ రూమ్‌లో తలుపేసుకుని పిల్ల తన అద్దంలో తాను చూసుకుంటుంది. నచ్చకపోతే తగిలించి వస్తుంది. తన బట్ట తాను ఎంచుకునే హక్కు మా మండలం పిల్లలకు ఇట్లా వచ్చింది. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నాకు పేచీ ఉంది.

మాల్ ఇవ్వలేనిది కొలత. ఎస్, ఎం, ఎల్ అన్న అక్షరాల్లో మన ఒళ్లు ఇమడదు. భుజం సరిపోతే నడుం వదులు, నడుం సరిపోతే చంక బిగువు. మన దేశానికంటూ ఒక కొలతల పట్టిక ఉండాలని నిఫ్ట్ సంస్థ 'ఇండియాసైజ్' సర్వే తలపెట్టింది. ఆరు నగరాల్లో 25,000 మంది ఒంటి కొలతలు త్రీడీ స్కానర్లతో తీయాలన్నది లక్ష్యం. ఆ ఆరింటిలో హైదరాబాద్ ఒకటి.

అసలు తేడా కుట్టు లోపల ఉంది. మా దగ్గర టైలర్ కుట్టిన డ్రెస్‌లో పక్క కుట్టు వెనక అంగుళం బట్ట మిగిలేది. పిల్ల ఒళ్లు చేస్తే ఆ కుట్టు విప్పి ఇంకోటి వేసేవారు. డ్రెస్ ఇంకో రెండు దసరాలు నడిచేది. చవక రెడీమేడ్‌లో ఆ బట్టే మిగలదు. అంచుదాకా కోసి ఓవర్‌లాక్ కొట్టేస్తారు. లక్షల కుర్తీల్లో ఆ అంగుళం మిగుల్చుకుంటే కంపెనీకి ఎన్ని తానులు కలిసొస్తాయో లెక్క వేసుకోవచ్చు. కానీ అట్లాంటి డ్రెస్‌ను బిగించగలం, వదులు చేయలేం. అందుకే మా పిల్లలు తెలివిగా ఒక సైజు పెద్దది కొని పట్టించుకుంటున్నారు. కంపెనీ మిగుల్చుకున్న బట్ట ఖర్చు చివరికి అక్క మిషన్ మీద తేలుతోంది.

అందుకే రెండు మాటలు. కంపెనీలకు: పక్క కుట్టు లోపల ముప్పావు అంగుళం వదలండి, పది రూపాయలు ఎక్కువ తీసుకున్నా ఇస్తాం. కొనేవాళ్లకు: మాల్‌లో చీటీ మీది ధరకు నోరెత్తని మనం, సైజు చేసే అక్క దగ్గర ఇరవై రూపాయలకు బేరమాడొద్దు. కుట్టు విప్పి మళ్లీ వేయడం కొత్తగా కుట్టడం కన్నా కష్టమైన పని. అడిగినంత ఇవ్వండి.