వెండి రంగు తేలే దాకా

బల్లి రెట్ట చివర తెల్లటి ముక్క చూశారా? అది యూరిక్ ఆమ్లం, నీటి పొదుపుకు గుర్తు. సరీసృపాల మూత్రపిండంలో మనకున్న, మూత్రాన్ని చిక్కబరిచే హెన్లీ వంపు ఉండదు. అక్కడి నాళాల గోడలో కణాల మధ్య నుంచి నీరూ లవణాలూ ఎంత జారాలో పక్క కణాలను కలిపే అతుకులు తేలుస్తాయి.

ఆ అతుకులను కంటికి చూపించేది కణజాలం కోసే టెక్నీషియన్ చెయ్యి. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ లాంటి ల్యాబుల నేలకు ఈ పనితనం ప్రాణం. రెసిన్‌లో బిగించిన ముక్కను వజ్రపు కత్తితో సుమారు 70 నానోమీటర్ల పొరగా కోస్తారు. పొర నీటిపై వెండి రంగులో తేలితే సరిపోయినట్టు. బంగారు రంగైతే మందం ఎక్కువ. ఊపిరి బిగబట్టి దాన్ని రాగి జాలీ మీదికి ఎత్తుతారు.

పరిశోధన పత్రంలో టెక్నీషియన్ల పేరున్నా లేకున్నా, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కనబడే ఆ అతుకుల బొమ్మ ముందుగా వాళ్లదే.