ఎవరూ కోరని సీటు

డాలస్‌లో ఉండే మా మేనల్లుడు ఈ వారం ఒక పాత ఫోర్డ్ మస్టాంగ్ ఫొటోలు పంపాడు. 1967 మోడల్, హార్డ్‌టాప్, లైమ్ గోల్డ్ రంగు. ఫొటోలతో పాటు ఒక కాగితం కూడా ఉంది. అమ్మే ఆసామి ఆ కాగితం చూపించే ఎక్కువ ధర అడుగుతున్నాడట. “మావయ్యా, ఈ రంగు, ఈ ఇంజిన్, ఈ సీటు, ఈ రేడియో అన్నీ కలిసి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది ఇదొక్కటేనట. దానికి నిజంగా అంత విలువ ఉంటుందా?” అని అడిగాడు.

‘ఇదొక్కటే’ అంటూ బేరం పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కాగితాన్ని తప్పుపట్టడం లేదు. బానెట్ ఎత్తేముందు కాగితాలు తెరవమని ఈ కాలమ్‌లో పదే పదే రాస్తూనే ఉన్నాను. 1967 నుంచి ఫోర్డ్ ఏ కారుని ఎలా తయారుచేసిందో చెప్పే రికార్డులు ఉన్నాయి. కారు నంబరు ఇస్తే మార్టీ రిపోర్ట్ అని ఒకటి ఇస్తారు. బండికి ఏయే కంపెనీ ఫిట్టింగులు వచ్చాయో, అలాంటివి ఎన్ని తయారయ్యాయో అందులో ఉంటుంది. పాత బండి కొనేవాడికి అంతకన్నా మంచి నేస్తం లేదు.

నా గొడవంతా ఆ లెక్కతోనే. ఆ ఏడాది మస్టాంగ్‌లు 4,72,121 తయారయ్యాయి. అందులో ఈ రంగువి ఎన్ని అంటే అంకె తగ్గుతుంది. లోపలి రంగు కలిపితే ఇంకా తగ్గుతుంది. గేర్‌బాక్సు, వెనక ఇరుసు నిష్పత్తి, గడియారం ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఒకటి దగ్గర ఆగుతుంది. ఈ పద్ధతిలో లెక్కపెడితే ప్రతి బండీ ప్రపంచంలో ఒక్కటే. అరుదు అయినంత మాత్రాన ధర పెరగదు. కావాలనుకునేవాళ్లు ఎక్కువగా ఉండి, వస్తువు తక్కువగా ఉన్నప్పుడే పెరుగుతుంది.

షెవర్లే కార్వెట్‌కి 1967లో ఎల్88 అనే ఇంజిన్ ఆప్షన్ ఇచ్చారు. రేసులకి పనికొచ్చే ఇంజిన్ అది. అదనంగా కట్టాల్సింది 947 డాలర్ల 90 సెంట్లు. దాని శక్తి అయిదు వందల హార్స్‌పవర్ దాటుతుందని తెలిసినవాళ్లంతా అంటారు. కంపెనీ మాత్రం 430 అనే రాసుకుంది. మామూలు కొనుగోలుదారు చూపు దీని మీద పడకుండా, 435 ఉన్న ఇంకో ఇంజిన్ కన్నా తక్కువగా చూపించింది. ఎల్88 తీసుకుంటే హీటర్ లేదు, రేడియో లేదు. కనీసం 103 ఆక్టేన్ పెట్రోలు పోయాలని కారు లోపలే హెచ్చరిక అంటించారు. ఆ ఏడాది అలాంటివి 20 మాత్రమే తయారయ్యాయి. వాటిలో ఒక ఎర్ర కారు 2014 జనవరిలో స్కాట్స్‌డేల్ వేలంలో 38.5 లక్షల డాలర్లు పలికింది.

1969 కమారో జడ్‌ఎల్1 కథ ఇంకా చిత్రమైనది. పూర్తిగా అల్యూమినియం ఇంజిన్. ఆ ఇంజిన్ ఒక్కదానికే 4,160 డాలర్లు, అంటే మామూలు కమారో ధర కంటే ఎక్కువ. 69 కార్లు తయారయ్యాయి. ఇలినాయ్‌లో ఫ్రెడ్ గిబ్ అనే డీలరు 50 ఆర్డరిచ్చి, అమ్ముకోలేక చాలావాటిని కంపెనీకి తిప్పి పంపాడు. కొత్తలో కొనేవాడు లేని బండి కోసం నేడు కోటీశ్వరులు పోటీపడుతున్నారంటే, డ్రాగ్ స్ట్రిప్ మీద అది చూపించిన సత్తా వల్లే.

దీనికి ఎదురుగా 1956 క్రైస్లర్ కార్లలో వచ్చిన హైవే హై-ఫై పెట్టి చూడండి. డాష్‌బోర్డు కింద గ్రామఫోను! దానికోసమే నిమిషానికి పదహారూ ముప్పాతిక చుట్ల కన్నా కాస్త తక్కువ వేగంతో తిరిగే ప్రత్యేకమైన రికార్డులు చేయించారు. ప్రదర్శనలో ఆ కారు చుట్టూ జనం మూగుతారు, ఫొటోలు తీసుకుంటారు. కానీ ఆ గ్రామఫోను ఎంత అరుదైనా కారుని ఎల్88ల వరసలో నిలబెట్టదు.

కాబట్టి ‘ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వకురా’ అని జవాబు రాసేస్తే సరిపోయేది. కానీ ఆ బండికి వచ్చిన సీటేమిటో చూసి ఆగాను. ముందు వైపు బకెట్ సీట్లు కాదు, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బెంచి సీటు. మధ్యలో మడత విప్పితే చెయ్యి ఆన్చుకునే దిండు. మస్టాంగ్ అంటే కుర్రకారు బండి. అందులో బెంచి కోరుకున్నవాళ్లు బహు తక్కువ.

మా పెదనాన్నగారి అంబాసిడర్‌లో ఉన్నదీ బెంచి సీటే. స్టీరింగ్ పక్కనే ఉండే హ్యాండ్ గేరు కాబట్టి కింద అడ్డం ఏమీ ఉండేది కాదు. పెదనాన్నకీ పెద్దమ్మకీ మధ్య కూర్చునే చోటు కోసం పిల్లలందరం కొట్టుకునేవాళ్లం. ఎండాకాలం ఆ రెక్సిన్ తొడలకి అంటుకుపోయి, లేచేటప్పుడు చర్రుమనేది. అక్కడి నుంచి స్పీడోమీటరు ముల్లు కనిపించేది, ప్రకాశం బ్యారేజీ మొత్తం కనిపించేది, పెదనాన్న గేరు మార్చేటప్పుడు ఆయన మోచెయ్యి నెత్తికి తగిలేది. ఆ రోజుల్లో మన దేశంలో కారు కొనేవాడికి ఆప్షన్లంటూ ఏముండేవి? బుక్ చేయడం, ఎదురుచూడడం, వచ్చిన రంగు తెచ్చుకోవడం. అందుకే మనవాళ్ల ముచ్చట్లన్నీ షోరూమ్‌లో కాక షెడ్డులో తీరేవి.

కొన్నాళ్లకి అందరిలాగే పెదనాన్న కూడా బండిని విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లారు. బెంచి పీకించి రెండు బకెట్ సీట్లు వేయించారు. హ్యాండ్ గేరు తీయించి ఫ్లోర్ గేరు పెట్టించారు. డాష్‌బోర్డు కింద ఏసీ వచ్చింది, దాని గొట్టాల కోసం రేకుకి కన్నాలు పడ్డాయి. పాత సీటు ఆ షెడ్డు ముందే ఉండిపోయింది. మెకానిక్కులు దాని మీదే కూర్చుని టీ తాగేవారు. ఊళ్లో అంబాసిడర్లన్నీ ఇలాగే మారాయి. ఈ రోజు ఫ్యాక్టరీ బెంచితో, హ్యాండ్ గేరుతో, కన్నాలు పడని డాష్‌బోర్డుతో ఉన్న అంబాసిడర్ కావాలంటే జిల్లాలు గాలించాలి.

అది గుర్తొచ్చాక మస్టాంగ్ సీటుని ఇంకో వైపు నుంచి చూడాల్సి వచ్చింది.

అందరూ కోరుకునే ఆప్షన్‌కి ఒక జబ్బు ఉంది. దాన్ని తర్వాత పెట్టేవాళ్లు పుడతారు. 1970 ప్లిమత్ కుడాలో 426 హెమీ ఇంజిన్‌కి కొత్తలో 871 డాలర్ల 45 సెంట్లు. ఇప్పుడు దాని మామూలు రూపమైన బారకుడా తెచ్చి, అందులో హెమీ దించి, పక్కన చారలు వేసి నిలబెడుతున్నారు. బానెట్ కింద ఉండే, ఫిట్టింగుల కోడ్‌లు చెక్కిన రేకు పలకలు కూడా కొత్తవి అచ్చేసి ఇస్తున్నారు. అందుకే తెలిసినవాడు ముందు కారు నంబరులో అయిదో అక్షరం ‘ఆర్’ అవునా కాదా చూస్తాడు. ఫ్యాక్టరీ మనుషులు పని చూసుకోవడానికి వాడిన షీటు దొరుకుతుందేమోనని సీటు కింది స్ప్రింగులు వెతుకుతాడు. ఎలుకలు కొట్టగా మిగిలిన ఆ పసుపు కాగితానికి అంత విలువ.

మరి బెంచి సీటుకి నకిలీ ఎవడు చేస్తాడు? యాభై ఏళ్లకు పైగా, చేతులు మారిన ప్రతిసారీ, దాన్ని పీకి బకెట్లు వేయడానికి కారణం ఉంది. బకెట్లు పీకి దాన్ని వేయడానికి ఏ కారణమూ లేదు. అయినా అది ఉన్నచోటే ఉంది. ఫొటోలో డ్రైవర్ తలుపు అంచున ఉన్న పలకని పెద్దది చేసి చూశాను. బాడీ కోడ్ 65సి అని ఉంది. బెంచి సీటు హార్డ్‌టాప్‌కి వేసిన కోడ్ అదే. అంటే ఈ బండిని మార్చాలని ఎవరూ పూనుకోలేదు. సీటు జోలికి పోనివాడు ఫ్లోరు కోసి ఉండడానికీ, వైర్లు కెలికి ఉండడానికీ అవకాశం తక్కువ. ఎవరూ కోరని ఆప్షన్ ఆ బండి మొత్తానికి పూచీ ఇస్తోంది. 1957 షెవర్లేలకి ఫ్యూయల్ ఇంజెక్షన్ వస్తే, మెకానిక్కులకి అంతుపట్టక చాలామంది దాన్ని పీకించి కార్బొరేటరు వేయించుకున్నారు. ఆ గొడవలోనూ మొదటి ఇంజెక్షన్‌ని అంటిపెట్టుకున్న బండి అని కాగితాలతో తేలితే, దానిదీ ఇదే కథ.

మా వాడికి ఇలా రాశాను: ‘ఇదొక్కటే’ అన్నదానికి డబ్బు ఇవ్వకు. కానీ ఇదే ధరలో బకెట్ సీట్ల బండి ఇంకోటి ఉంటే దీన్నే తీసుకో. కాస్త ఎక్కువైనా పరవాలేదు. తీసుకున్నాక సీటు మార్చే ఆలోచన పెట్టుకోకు.

ఇదే మాట ఇక్కడివాళ్లకీ చెప్పాలి. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన సొంత వాహనం వింటేజ్ కింద నమోదవుతుంది. అయితే అది తయారైన రూపంలోనే ఉండాలి. తొలి మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. 2033 ఎంతో దూరం లేదు. మీ ఇంట్లో పాత బండి ఉంటే ఇన్‌వాయిస్, సర్వీసు పుస్తకం, ఆర్సీ ఒక సంచిలో పెట్టండి. పాతబడింది, నచ్చలేదు అని సీటో రేడియోనో మార్చబోతుంటే చేతులు వెనక్కి తీసుకోండి. తప్పదనుకుంటే, తీసినదాన్ని ఇనుప సామాను వాడికి వేయకుండా అటకెక్కించి, ఏ తేదీన ఎందుకు తీశారో రాసిన చీటీ దానికే కట్టండి.