పార్కిన్సన్స్ పరిశోధనల్లో అల్పసంఖ్యాకుల ప్రాతినిధ్యం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: అమెరికాలో సాగుతున్న పార్కిన్సన్స్ వ్యాధి పరిశోధనల్లో ఆఫ్రికన్ అమెరికన్లు, హిస్పానిక్ ప్రజలు తక్కువగా కనిపిస్తారు. వారిని ‘చేరుకోవడం కష్టమైన వర్గాలు’గా పేర్కొనడం పరిపాటి. ఈ లోటుకు ఆ ప్రజల విముఖత కన్నా పరిశోధనల నిర్మాణమే ప్రధాన కారణమని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలక పదాలు: పార్కిన్సన్స్, ప్రాతినిధ్యం, సమ్మతి, విశ్వాసం, జన్యు పరిశోధన.

1. ఉపోద్ఘాతం:
1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణిస్తూ వ్యాసం ప్రకటించాడు. అందులోని రోగులు ఆరుగురే. వారిలో కొందరు ఆయనకు లండన్ వీధుల్లో తారసపడినవారు. తన కంటబడినవారినే వర్ణించడం ఆనాటి వైద్యునికి సహజమైన పరిమితి. రెండు శతాబ్దాల తరువాత కూడా అదే పరిమితి కొనసాగడం మాత్రం విమర్శించదగినది. ప్రభుత్వ నిధులతో జరిగే వైద్య పరిశోధనల్లో స్త్రీలనూ అల్పసంఖ్యాకులనూ చేర్చాలని అమెరికా 1993లో చట్టం చేసింది. అయినా పార్కిన్సన్స్ అధ్యయనాల్లో పాల్గొనేవారిలో అత్యధికులు శ్వేతజాతీయులే.

2. లోటుకు మూలాలు:
అధ్యయనాలకు రోగులు ఎక్కువగా నిపుణుల క్లినిక్కుల నుంచే వస్తారు. అక్కడికి చేరాలంటే ముందుగా రోగనిర్ధారణ జరగాలి. పెన్సిల్వేనియాలోని పేదల వైద్య బీమా సమాచారాన్ని పరిశీలించి 2009లో వెలువడిన ఒక అధ్యయనం, శ్వేతజాతీయులతో పోలిస్తే ఆఫ్రికన్ అమెరికన్లలో ఈ వ్యాధి నిర్ధారణ సగం మేరకే జరుగుతోందని తేల్చింది. వ్యాధి పేరే తెలియని రోగిని పరిశోధనకు రాలేదని తప్పుపట్టడం న్యాయం కాదు.

కొలమానాలనూ పరిశీలించాలి. వాసన తగ్గడం ఈ వ్యాధికి తొలి సూచనల్లో ఒకటి. దానిని కొలిచేందుకు విరివిగా వాడే అమెరికన్ పరీక్షలో రూట్ బీర్ వంటి వాసనలున్నాయి. వాటిని ఎన్నడూ ఎరుగని వలస వృద్ధుడు పోల్చలేకపోతే, అది నాసిక లోపమా, పరిచయ లోపమా?

వీటికి తోడు అపనమ్మకం ఉంది. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషులకు నిజం చెప్పకుండా, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా చికిత్స అందించకుండా అధ్యయనం సాగించారు. ఆ చరిత్ర తెలిసినవారి సంకోచాన్ని అజ్ఞానంగా భావించలేం.

3. శాస్త్రానికి వాటిల్లే నష్టం:
ప్రాతినిధ్యం న్యాయానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2019లో ప్రకటితమైన బృహత్ జన్యు అధ్యయనం 90 ప్రమాద సంకేతాలను గుర్తించింది. అయితే అది ఐరోపా సంతతికి పరిమితమైనది. 2023లో నైజీరియా పరిశోధకుల భాగస్వామ్యంతో ఆఫ్రికన్ సంతతికి చెందిన 1,488 మంది రోగుల సమాచారాన్ని పరిశీలించినప్పుడు జీబీఏ1 జన్యువులో ఒక కొత్త మార్పు బయటపడింది. ఐరోపా సంతతిలో అది దాదాపు కనిపించదు. అంటే ఐరోపా నమూనాలను ఎంతగా పెంచినా అది వెలుగుచూసే అవకాశం స్వల్పం.

4. తెలుగు నేలపై ఒక హెచ్చరిక:
చేర్చుకోవడమే లక్ష్యమైతే ఏమవుతుందో తెలుగువారికి అనుభవమే. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకా ప్రయోగాత్మకంగా వేశారు. వసతి గృహాల్లోని గిరిజన బాలికల విషయంలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేసిన తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా ఆక్షేపించింది. అక్కడ అణగారిన వర్గానికి సంఖ్యలో ప్రాతినిధ్యం ఉంది, సమ్మతిలో లేదు. వ్యాధి వేరైనా పార్కిన్సన్స్ పరిశోధకులకూ ఈ పాఠం వర్తిస్తుంది.

5. ముగింపు:
కరపత్రాలను అనువదించి పంచినంత మాత్రాన ప్రాతినిధ్యం సిద్ధించదు. రోగనిర్ధారణ పేటలకు చేరాలి. ప్రయాణ ఖర్చు, తోడుగా వచ్చేవారి కోల్పోయిన కూలి లెక్కలోకి రావాలి. పరీక్షలు స్థానిక అనుభవానికి తగినట్లు మారాలి. ఫలితాలు పాల్గొన్నవారికి వారి భాషలో తిరిగి అందాలి. పరిశోధన ప్రణాళిక రూపొందే దశలోనే ఆ సమాజాల మాట వినాలి. ‘వారెందుకు రావడం లేదు?’ అన్న ప్రశ్న కన్నా ముందు ‘మనం ఎవరి దగ్గరికి వెళ్లాం?’ అన్నది పరిశోధకులు వేసుకోవలసిన ప్రశ్న.