కత్తికొసన నిలిచిన నీలం

మే నెలాఖరులో ఇంగ్లండ్ తోటల్లో అంకూసా పూస్తే ఆ నీలాన్ని మెచ్చుకోనివారుండరు. నాకు మాత్రం ఆ రంగుకన్నా దాన్ని ఏళ్ళతరబడి కాపాడుకొస్తున్న తోటమాలి కత్తిపనే గొప్పగా తోస్తుంది.

అంకూసా మధ్యధరా ప్రాంతపు మొక్క. నాలుగడుగులదాకా పెరుగుతుంది. కాండం, ఆకులు, మొగ్గ తొడిమలు అన్నిటా బిరుసు నూగే. చేతొడుగులు లేకుండా పట్టుకుంటే చర్మం మండుతుంది. మొగ్గల వరస కొసన చుట్టుకొని ఉండి, పూలు విచ్చేకొద్దీ సాగుతుంది. మన చేలగట్ల మీద కనిపించే తేలుకొండి మొక్కదీ ఇదే తీరు. రెండూ ఒకే కుటుంబం. ఊదాఛాయ మొగ్గ విచ్చుకుని ముదురు నీలమవుతుంది, నడుమ తెల్లటి చుక్క. తేనెటీగలు వదలవు.

పేరున్న రకం లాడన్ రాయలిస్ట్, బెర్క్‌షైర్‌లోని ట్వైఫర్డ్ నర్సరీలో పుట్టింది. దీని విత్తనం చల్లితే అదే రంగు, అదే కట్టు వస్తుందన్న భరోసా లేదు. మొక్కకేమో నాలుగేళ్ళ ఆయుష్షు ఉంటే ఎక్కువ. కాబట్టి నిజమైన లాడన్ రాయలిస్ట్ ఎక్కడ కనిపించినా, అది ఆ మొదటి మొక్క వేరు ముక్కల నుంచి చేతులు మారుతూ వచ్చినదే.

చలికాలంలో మొక్క నిద్రలో ఉండగా పెన్సిల్ మందం వేరు తీసి, 5 సెంటీమీటర్ల ముక్కలు కోస్తారు. పైకొస అడ్డంగా, కిందికొస ఏటవాలుగా. ఎందుకంటే కోసి పక్కనపెట్టాక ఏది తలో ఏది మొదలో చూపుకు అందదు. తలకిందులైతే ముక్క దండగ. ఆ ఒక్క ఏటవాలు కోతతో ఆనవాలు వేరుమీదే ఉండిపోతుంది. చీటీ అక్కర్లేదు! ఇసుక కలిపిన మట్టిలో నిలువుగా గుచ్చి, పైన సన్నని గులకరాళ్ళు పరిచి, మంచు తగలని చోట ఉంచుతారు. నీళ్ళు పొదుపుగానే పోయాలి. వసంతంలో ముందు ఆకు వస్తుంది, కొత్తవేళ్ళు ఆ తర్వాత. ఆకు చూడగానే కుండీ మార్చబోయే తొందరగాళ్ళ చేతిలో చాలా ముక్కలు పోతాయి.

నాటే చోటికి రెండే షరతులు: నిండా ఎండ, నీరు నిలవని నేల. చలికాలపు తడిలో వేరు కుళ్ళుతుంది.

ఇక ఊతం. నేర్పరి తోటమాలి మొక్క జానెడు ఉండగానే చుట్టూ కొమ్మలున్న హేజెల్ చెట్టు పుల్లలు గుచ్చుతాడు. ఆకులు పెరిగి వాటిని కప్పేస్తాయి. వానకు ఒరిగాక గడకు బిగించి కట్టిన మొక్కను ఎంత సర్దినా ఆ కట్టు బయటపడుతూనే ఉంటుంది.