రేడియో దూరదర్శిని: ప్రారంభోత్సవం తరువాత

బెజవాడవద్ద కృష్ణకు అడ్డంగా 1855లో పూర్తియైన ఆనకట్ట 1952లో గండిపడినది. దాని స్థానంలో కట్టిన బ్యారేజి 1957 డిసెంబరులో ప్రారంభమైనది. ఈ సంవత్సరాలను విద్యార్థులు కంఠస్థం చేస్తారు. ఆ నడుమ తొంభై ఏడు సంవత్సరాలపాటు వేసవిలో కాలువలు కట్టి పూడిక తీసినవారిని గురించి, లాకుల తలుపులు సరిచేసినవారిని గురించి పాఠంలో ఒక్క వాక్యమైనా ఉండదు. 2024 సెప్టెంబరు ఆరంభంలో వరద పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి, ఎగువనుండి కొట్టుకొనివచ్చిన బోట్లు బ్యారేజి తలుపుల కౌంటర్ వెయిట్లను విరుగగొట్టినప్పుడుగాని, తలుపునకు కౌంటర్ వెయిట్ అనునది ఒకటి ఉన్నదని చాలమందికి తెలియలేదు.

పెద్ద విజ్ఞాన పరికరాలను గురించి తెలుగులో వెలువడే రచనలలోను ఇదే లోపం కనిపిస్తుంది. రేడియో దూరదర్శిని అనగానే దాని పళ్లెం వ్యాసమెంత, దేశంలో ఎన్నవది, ఎవరు ప్రారంభించినారు అను మూడు ప్రశ్నలతో వ్యాసం ముగుస్తుంది. ఉక్కు చట్రాన్ని నిలబెట్టినంతమాత్రాన అది దూరదర్శిని కాదు. అది దూరదర్శిని అయ్యేది ఆ తరువాత మాసాల తరబడి సాగే పరీక్షలలోను, అటుపైన దశాబ్దాల తరబడి సాగే పోషణలోను. ఆ భాగాన్ని వదలి వ్రాసిన వ్యాసం పెండ్లి పందిరిని వర్ణించి కాపురం మాట ఎత్తనట్టిది.

ఆ పరీక్షలు ఎట్టివి? మొదటి ప్రశ్న, దూరదర్శిని ఎటు చూస్తున్నదనునది. ఈ ప్రశ్న చూచినంత తేలిక కాదు. గేరు మీది అంకె ఒక దిక్కును చెబుతుంది. తన బరువుకు తానే కొంత వంగిన చట్రం మరొక దిక్కును చూస్తుంది. పళ్లెం నెత్తిమీదికి చూచునప్పటి వంపు వేరు, దిగంతంవైపు వాలినప్పటి వంపు వేరు. అందువలన స్థానం ముందే తెలిసిన బలమైన రేడియో జనకాలను తీసుకొంటారు. కాసియోపియా ఎ, సిగ్నస్ ఎ, 1054లో చీనావారు చూచిన నక్షత్ర విస్ఫోటన శేషమైన క్రాబ్ నెబ్యులా అట్టివి. దూరదర్శినిని కదపక నిలిపియుంచగా భూభ్రమణంచేత ఆకాశమే గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతుంది. ఒక డిగ్రీ వెడల్పుగల కిరణపుంజంలోనుండి ఖగోళ మధ్యరేఖ దగ్గరి జనకం నాలుగు నిమిషాలలో దాటిపోతుంది. ఆ నాలుగు నిమిషాల రేఖాపటం శిఖరం లెక్కకు వచ్చిన క్షణానికి ముందుగా వచ్చినదా, వెనుకగా వచ్చినదా అని కొలిచి తప్పును పట్టికకు ఎక్కిస్తారు. ఆకాశం నలుమూలలా ఇట్లు వందలసార్లు చేసినగాని పట్టిక పూర్తి కాదు. పూర్తియైన పట్టిక కూడ శాశ్వతం కాదు. ఒక బేరింగు అరిగినా, పునాది ఒకవైపు కొద్దిగా కుంగినా మళ్లీ మొదటికి రావలసినదే.

ఈ దృష్టితో ఉదకమండలంలోని దూరదర్శినిని పరిశీలిస్తే దాని గొప్పతనం పొడవులో లేదని తెలుస్తుంది. గోవింద్ స్వరూప్ నాయకత్వాన టాటా మౌలిక పరిశోధన సంస్థవారు నిర్మించగా 1970లో పనిలోకి వచ్చిన ఈ యంత్రం 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుగల పరావలయాకారపు దొన్నె. 24 ఉక్కు చట్రాలమీదుగా 1,100 సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు ఈ కొసనుండి ఆ కొసకు సాగియుంటవి. అవే దాని అద్దం. ఆ కొండవాలు సుమారు 11 డిగ్రీలు. ఆ చోటి అక్షాంశమూ అంతే. కనుక ఉత్తర దక్షిణంగా వాలున పరచిన ఆ యంత్రపు ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరమైనది. దానిని ఒక్క ఇరుసుమీద తిప్పితే చాలును, ఒక నక్షత్రాన్ని తొమ్మిదిన్నర గంటలు వెంబడించవచ్చును. నేల వాలు కంటికి కానరాని కృష్ణా డెల్టాలో అట్టి యంత్రాన్ని కట్టదలిస్తే ముందుగా ఒక కొండను కట్టవలసియుండును!

అద్దానికి తీగలెట్లు చాలునని విద్యార్థి అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నయే. ఆ దూరదర్శిని 326.5 మెగాహెర్ట్‌జ్‌ల వద్ద పనిచేస్తుంది. తరంగదైర్ఘ్యం 92 సెంటీమీటర్లు. అద్దంలోని ఎగుడుదిగుళ్లు తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యవ వంతుకు లోబడియుంటే చాలును. ఇక్కడ అది నాలుగున్నర సెంటీమీటర్లు. అంటే తీగ బిగువు కొంత సడలినను దూరదర్శిని గుడ్డిది కాదు. తెగిన తీగను ఆ కొండమీది పనివారే మార్చుకొనవచ్చును. బీద దేశపు శాస్త్రజ్ఞులు చౌకగా కట్టినారని ఈ యంత్రాన్ని మెచ్చుకొనుట పరిపాటి. ఆ మెప్పు సగమే సరియైనది. చౌకగా కట్టుటకంటె, స్వదేశంలో దొరికే సామగ్రితో బాగుచేసుకొనుటకు వీలుగా కట్టుట పెద్ద విషయం.

అయినను ఈ దూరదర్శినికి తన కష్టాలు తనకున్నవి. నాభిరేఖపొడవునా 1,056 డైపోలులు, 48 చొప్పున 22 భాగాలుగా అమర్చియున్నవి. ఉత్తర దక్షిణాలకు చూపు మరల్చుట ఉక్కును కదిపి కాదు. ఈ డైపోలుల సంకేతాలను తగిన ఆలస్యాలతో కలిపి. ఏదో ఒక భాగంనుండి వచ్చే దారి 46 సెంటీమీటర్లు, అనగా సగం తరంగం, తేడా వచ్చినదా, ఆ భాగపు సంకేతం తక్కినవాటిని బలపరచుటకు మారుగా వాటిని తగ్గిస్తుంది. అందువలన ఈ యంత్రానికి పోషణ అంటే రంగులు వేయుట కాదు, దశలను పదే పదే సరిచూచుట. 1990ల తొలినాళ్లలో ఒక్కొక్క డైపోలు వెనుకనే తక్కువ రొదగల వర్ధకాన్ని అమర్చినారు. బలహీనమైన సంకేతం పొడవాటి తీగలలో నష్టపోకముందే బలపడుటచే యంత్రపు సున్నితత్వం గణనీయంగా పెరిగినది. ఇరవై ఏళ్లు దాటిన దూరదర్శిని, అద్దం మారకుండగనే, క్రొత్తదానికంటె మేలైనదైనది. పాఠాలలో 1970కి ఉన్న చోటు ఈ మార్పునకు లేకపోవుట విచారకరం.

ఆంధ్రదేశంలో తిరుపతి దాపుననున్న గాదంకి రాడారు ఇదే సంగతిని మరొక విధంగా చెబుతుంది. 130 మీటర్ల చదరంలో 1,024 యాగీ ఆంటెన్నాలు నిలిపి 53 మెగాహెర్ట్‌జ్‌లవద్ద పై వాతావరణాన్ని పరీక్షించే ఆ యంత్రం 1990ల ఆరంభంలో పనిలోకి వచ్చినది. మొదట దానికి 32 ప్రసారిణులు; ఒక్కొక్కటి 32 ఆంటెన్నాలకు శక్తినిచ్చేది. ఒకటి చెడితే నూటికి మూడు వంతుల పాలు పోయేది. తరువాత ఆంటెన్నాకు ఒకటి చొప్పున 1,024 అర్ధవాహక ప్రసారిణులను అమర్చినారు. ఇప్పుడు ఒకటి చెడితే పోయేది వెయ్యింట ఒక వంతు. యంత్రం చెడుతుందా చెడదా అని అడుగుట అమాయకత్వం. చెడినప్పుడు ఎంత పోతుంది అని అడుగుట ఇంజనీరింగు.

కృష్ణా డెల్టాలో రేడియో దూరదర్శిని లేదు. కాని దాని దగ్గరి చుట్టం ఒకటి మచిలీపట్నంలో ఉన్నది. భారత వాతావరణ శాఖ 2004లో అక్కడ నెలకొల్పిన డాప్లరు రాడారు జర్మనీనుండి వచ్చినది. గోళాకారపు తొడుగులోపల 8.5 మీటర్ల పళ్లెం. తరంగదైర్ఘ్యం సుమారు 10 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్లను 8.5 మీటర్లతో భాగిస్తే 0.0118 రేడియను, అనగా డిగ్రీలో మూడింట రెండు వంతులు. అంచులకు శక్తి తక్కువగా పంపుటవలన నిజమైన కిరణపుంజం సుమారు ఒక డిగ్రీ అవుతుంది. ఈ లెక్కను పదవ తరగతి విద్యార్థి చేయగలడు.

ఆ ఒక డిగ్రీ ఎంత విలువైనదో దివిసీమ చెబుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆ తీరానికి డాప్లరు రాడారు లేదు. పదివేలమందికి పైగా మరణించినారు. ఇటీవలి తుపానులలో మరణాలు ఎంతో తగ్గినవంటే ఆ ఘనత అంతా రాడారుది కాదు. ఉపగ్రహాలు, తుపాను ఆశ్రయాలు, ముందుగానే గ్రామాలను ఖాళీచేయించే ఏర్పాట్లు అందులో పాలుగలవి. కాని తీరానికి చేరువైన తుపాను కన్ను ఏ గంటకు ఎక్కడ ఉన్నదో నిమిషాల వ్యవధిలో చెప్పగలది రాడారే. 300 కిలోమీటర్ల దూరాన దిక్కు ఒక డిగ్రీ తప్పితే స్థానం ఐదు కిలోమీటర్లు తప్పుతుంది. గ్రాహకపు సున్నితత్వం తెలియకుండ సగానికి పడిపోతే, వర్షం ఉన్నదానిలో మూడింట రెండు వంతులుగా కనిపిస్తుంది. సెకనుకు 50 మీటర్ల గాలి 10 సెంటీమీటర్ల తరంగంలో కలిగించే మార్పు వెయ్యి హెర్ట్‌జ్‌లు. అసలు పౌనఃపున్యం మూడు వందల కోట్లు. ముప్పై లక్షలలో ఒక పాలు మార్పును పట్టుకొనవలసిన యంత్రమది. దానిని నిలిపినచోట ఉప్పుగాలి. కిటికీ ఊచలు ఎన్నాళ్లకు తుప్పుపడతవో బందరువారిని ఎవరూ అడగనక్కరలేదు.

ఇట్టి యంత్రం సరిగా చూస్తున్నదని ఎట్లు తెలియును? ఇక్కడ రాడారు రేడియో దూరదర్శినిగా మారుతుంది. ప్రసారాన్ని ఆపి పళ్లెాన్ని సూర్యునివైపు తిప్పి కేవలం వింటారు. సూర్యుడు బలమైన రేడియో జనకం. ఏ క్షణాన ఎక్కడ ఉండునో పంచాంగ గణితం ఖచ్చితంగా చెబుతుంది. వినబడిన శిఖరానికి, లెక్కకు గల తేడాయే దిక్కులోని తప్పు. వచ్చిన శక్తినిబట్టి గ్రాహకపు ఆరోగ్యం కూడ తెలుస్తుంది. వాతావరణ రాడార్లకు ఇది వాడుకలోనున్న పరీక్ష. ఉదకమండలంలో క్రాబ్ నెబ్యులా చేసే పనిని రాడారుకు సూర్యుడు చేసిపెడతాడు.

ఈ ఏర్పాటుపై విమర్శకు చోటున్నది. తీరమంతటా రాడార్లు వరుసగా ఉన్నవి కనుక ఒకటి చెడినా పక్కది చూచుకొంటుందని సామాన్యంగా అనుకొంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు అక్కడి రాడారే దెబ్బతిన్నది. విశాఖ బందరుకు సుమారు 290 కిలోమీటర్లు. అర డిగ్రీ ఎత్తున పంపిన కిరణం, భూమి గుండ్రనిది కనుక, అంతదూరం పోయేసరికి నేలకు ఏడు కిలోమీటర్లపైన ఉంటుంది. అంటే బందరు రాడారు విశాఖమీది మేఘాల శిఖరాలను చూడగలదే కాని ఇండ్లను కూల్చే గాలిని చూడజాలదు. కాగా గాదంకివలె వేయి చిన్న ప్రసారిణులకు మారుగా ఒకే పెద్ద క్లైస్ట్రాన్ గొట్టంమీద ఆధారపడిన యంత్రం చెడితే పూర్తిగా చెడుతుంది. అట్టి రాడారు విలువలో అదనపు గొట్టం, జనరేటరు, రాత్రిపూట ఉండే సాంకేతికుడు కూడ భాగమే. వీటిని లెక్కనుండి తీసివేసి చెప్పిన ధర తప్పుడు ధర.

లోకంలోకెల్ల ప్రసిద్ధమైన ఉదాహరణ ప్యూర్టో రికోలోని అరెసిబో. 305 మీటర్ల పళ్లెంతో 1963లో ప్రారంభమైన ఆ దూరదర్శినిపై 900 టన్నుల వేదిక ఉక్కు తాళ్లమీద వ్రేలాడేది. 2017లో మరియా తుపాను తరువాత తాళ్ల కొసలు జింకు పోసిన సాకెట్లలోనుండి కొంచెం జారిన గుర్తులు కనిపించినవి. వాటికి తగినంత ప్రాధాన్యం ఇవ్వలేదు. 2020 ఆగస్టులో ఒక తాడు సాకెట్‌నుండి ఊడివచ్చినది. ఆశ్చర్యమేమంటే అది 1963 నాటిది కాదు, 1990లలో అదనంగా కట్టినది. మరమ్మతుకు ఏర్పాట్లు సాగుతుండగానే నవంబరులో పాత తాడొకటి తెగినది; డిసెంబరు 1న వేదిక పళ్లెంమీద కూలినది. కృష్ణా పరీవాహక ప్రాంతంవారికి ఈ కథ క్రొత్త కాదు. 2024 ఆగస్టులో తుంగభద్ర జలాశయపు 19వ తలుపు గొలుసు తెగి, తలుపు కొట్టుకొనిపోయినది. తాడుగాని గొలుసుగాని ఒక్క రాత్రిలో బలహీనపడవు.

ఈ విషయాన్ని బోధించదలచిన ఉపాధ్యాయునికి ఉదకమండలం వరకు పోనక్కరలేదు. డెల్టాలో ఏ ఇంటి డాబామీద చూచినా డీటీహెచ్ పళ్లెం కనిపిస్తుంది. మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని రోజులు పగటిపూట కొద్ది నిమిషాలు బొమ్మ చెదరుట చాలమంది గమనించియుందురు. సూర్యుడు ఉపగ్రహం వెనుకకు వచ్చి తన రేడియో రొదతో దానిని ముంచివేయుటయే అందుకు కారణం. వాడుకలోలేని పళ్లెం ఒకటి, ఉపగ్రహాన్ని వెదకుటకు మెకానిక్కులు వాడే చిన్న మీటరు ఒకటి సంపాదించి, కంటితో సూర్యుని చూడకుండ, మీటరు ముల్లును బట్టి పళ్లెాన్ని సూర్యునివైపు బిగించవచ్చును. తరంగదైర్ఘ్యం సుమారు రెండున్నర సెంటీమీటర్లు, పళ్లెం 60 సెంటీమీటర్లు అయితే కిరణపుంజం మూడు డిగ్రీల దాపున ఉంటుంది. సూర్యుడు దానిని దాటుటకు పన్నెండు నిమిషాలు పడుతుంది. నిమిషానికొకసారి ముల్లు చూచి గీసిన వక్రరేఖయే ఆ బడి దూరదర్శిని తొలి పరిశీలన. పళ్లెాన్ని అట్లే ఉంచి, ఒకటి రెండు రోజుల తరువాత, సూర్యుని క్రాంతిలో వచ్చిన మార్పును లెక్కలోనికి తీసుకొని, అదే పరిశీలన మళ్లీ చేయించవలెను. శిఖరం ఎన్ని నిమిషాలు జరిగినదో, ఏ బోల్టు వదులైనదో విద్యార్థులే వెదకి తేల్చుకొంటారు.